రాత్రివేళ ఛాయాగ్రహణము

హైదరాబాదు నగరమున బల్కంపేట ఎల్లమ్మ దేవాలయము ప్రసిద్ధమైనది. నేలమట్టమునకు దిగువన, బావిలో వెలసిన ఈ దేవతకు ఆషాఢమాసమున కల్యాణోత్సవము జరుగును. ఆ దినములలో ఆలయమును, చుట్టుపట్ల వీధులను రంగురంగుల విద్యుద్దీపములతో అలంకరించెదరు. ఈ శోభను చిత్రములో నిలుపుకొనవలెనని కెమేరాలు చేతబట్టి వచ్చు యువకులు అనేకులు. అయితే ఇంటికి పోయి చూచుకొనునప్పుడు కొన్ని చిత్రములు నల్లగా నుండును. కొన్నింటిలో దీపములు తెల్లని ముద్దలై, మనుష్యుల రూపములు అలికినట్లుండును. మరికొన్నింటినిండ ఇసుక చల్లినట్లు చుక్కలు కనిపించును. దోషము కెమేరాదని తలచి, మరింత వెలగల కెమేరా కొనవలెనని పలువురు నిశ్చయించుకొందురు.

నిజమునకు ఈ దోషములలో చాలభాగము కెమేరాకు సంబంధించినవి కావు. పగటివేళ కెమేరా తనంతట తాను ఎన్నుకొను మూడు అంకెలను రాత్రివేళ మనుష్యుడు ఎన్నుకొనవలసి యుండును. ఆ మూడింటికిని గల సంబంధము తెలిసినచో సామాన్యమైన కెమేరాతో కూడ చక్కని రాత్రి చిత్రములు తీయవచ్చును.

కన్నునకు, కెమేరాకు గల భేదము

చీకటిలోనికి పోయినప్పుడు మన కంటిపాప పెద్దదగును. వెలుతురులో సుమారు 2 మిల్లీమీటర్లుండు పాప చీకటిలో 7 మిల్లీమీటర్ల వరకు విప్పారగలదు. అనగా లోనికి వచ్చు కాంతి సుమారు 12 రెట్లు పెరుగును. దీనికితోడు కంటి లోపలి పొరయు క్రమముగా చీకటికి అలవాటు పడి, ఎక్కువ సునిశితమగును. కాని కన్ను కాంతిని కూడబెట్టజాలదు. సెకండులో పదవవంతు గడచునప్పటికి పాత చూపు పోయి కొత్త చూపు వచ్చును. ఎంతసేపు తేరిపార చూచినను మసకచుక్క ప్రకాశవంతము కాదు.

కెమేరా అట్లు కాదు. షట్టరు తెరచియున్నంతసేపు వచ్చిన కాంతినంతయు అది కూడబెట్టుచుండును. చుక్కచుక్కగా కారు కుళాయి క్రింద కడవ నుంచినట్లే, కాంతి స్వల్పమైనను కాలము దీర్ఘమైనచో కడవ నిండును. రాత్రి ఛాయాగ్రహణమునకు మూలసూత్రము ఇదియే.

మూడు అంకెలు

మొదటిది ద్వారము. కటకములో కాంతి ప్రవేశించు రంధ్రమును చిన్నదిగను, పెద్దదిగను చేయవచ్చును. దీనిని ఎఫ్ అంకముతో చెప్పుదురు. కటకపు నాభ్యంతరమును రంధ్రపు వ్యాసముచే భాగించగా వచ్చునదే ఎఫ్ అంకము. 50 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల కటకమునకు 25 మిల్లీమీటర్ల రంధ్రమున్నచో అది ఎఫ్ 2. కావున అంకము చిన్నదైనకొలది రంధ్రము పెద్దదని గ్రహింపవలెను. 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అను వరుస క్రొత్తవారికి వింతగా తోచును. రంధ్రపు వైశాల్యము వ్యాసపు వర్గమును అనుసరించును గనుక, వైశాల్యము సగము కావలెనన్నచో వ్యాసమును 2 యొక్క వర్గమూలముతో, అనగా 1.414తో భాగింపవలెను. అందుచే ఈ వరుసలో ఒక్కొక్క మెట్టు దిగినపుడు కాంతి సరిగా సగమగును.

రెండవది కాలము. షట్టరు ఎంతసేపు తెరచియుండునో తెలుపునది. కాలము రెట్టింపైనచో కాంతి రెట్టింపగును.

మూడవది ఐ.ఎస్.ఓ. అంకము. ఫిల్ముల కాలమున ఇది ఫిల్ము యొక్క సునిశితత్వమును తెలుపుచుండెను. నేటి కెమేరాలలో ఫిల్మునకు బదులు సెన్సారు అను సిలికాను ఫలకమున్నది. కాంతి తగిలినచోట దీనిలో ఎలక్ట్రానులు విడివడును. వాటివలన ఏర్పడిన సంకేతమును ఎంతగా పెంచి చిత్రముగా మార్చవలెనో ఐ.ఎస్.ఓ. అంకము నిర్ణయించును. 100 నుండి 200కు, 200 నుండి 400కు పోవుట ఒక్కొక్క మెట్టు.

ఈ మూడింటిలోను ఒక మెట్టు అనగా రెట్టింపు లేక సగము. ఒకదానిలో ఒక మెట్టు ఎక్కి, వేరొకదానిలో ఒక మెట్టు దిగినచో చిత్రపు వెలుగు మారదు. ఈ వినిమయమే ఛాయాగ్రాహకుని చేతిలోని పనిముట్టు.

ఒక చిన్న లెక్క

నడియెండలో ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్ 16, సెకండులో నూరవవంతు అను అంకెలు సరిపోవునని ఫిల్ముల కాలమునుండి అనుభవజ్ఞులెరుగుదురు. ఎండలో నేలమీద పడు వెలుగు సుమారు లక్ష లక్సులు. రాత్రి అంగళ్ల దీపములతో కళకళలాడు అమీర్‌పేట వంటి బజారులో అది సుమారు నూరు లక్సులుండుననుకొందము. అనగా వెలుగు వేయి రెట్లు తక్కువ. ఒకటిని పదిమార్లు రెట్టించినచో 1024 వచ్చును. కావున ఎండకును, బజారు వెలుగునకును నడుమ పది మెట్ల దూరమున్నది.

ఈ పది మెట్లను ఎక్కడో ఒకచోట పూడ్చవలెను. ద్వారమును ఎఫ్ 16 నుండి ఎఫ్ 4కు తెరచినచో నాలుగు మెట్లు కలిసివచ్చును. మిగిలినవి ఆరు. వీటిని కాలముతోనే పూడ్చినచో నూరవవంతు సెకండు 64 రెట్లై, 0.64 సెకండగును. ఇంతసేపు కెమేరాను చేతితో కదలక పట్టుట దుస్సాధ్యము. అట్లుగాక ఐ.ఎస్.ఓ.ను 100 నుండి 1600కు పెంచినచో నాలుగు మెట్లు తీరి, కాలము సెకండులో 25వ వంతగును. ద్వారమును ఎఫ్ 2.8 వరకు తెరువగల కటకమున్నచో 50వ వంతు చాలును. చేతితో పట్టి తీయుటకు అది వీలైన కాలమే.

ఇప్పుడు బజారు విడిచి, వీధిదీపములు మాత్రమే గల బల్కంపేట లోపలి గల్లీలోనికి పోవుదము. అక్కడ వెలుగు పది, పన్నెండు లక్సులకు మించకపోవచ్చును. బజారుకన్న ఇది ఎనిమిది రెట్లు, అనగా మూడు మెట్లు తక్కువ. ఎఫ్ 4, ఐ.ఎస్.ఓ. 1600 వద్ద కాలము సెకండులో మూడవవంతగును. ఐ.ఎస్.ఓ. 100 వద్ద అయినచో 5 సెకండ్లు. కంటికి ఈ రెండు వీధుల భేదము అంతగా తోచదు. కన్ను మోసపోవును, లెక్క మోసపోదు.

చేతి వణుకు, బండి కదలిక

చేతితో పట్టి తీయునపుడు పాటింపదగిన సూత్రమొకటి కలదు. కాలము, నాభ్యంతరమును హారముగా గల భిన్నమును మించరాదు. 50 మిల్లీమీటర్ల కటకమునకు 50వ వంతు సెకండు, 200 మిల్లీమీటర్ల కటకమునకు 200వ వంతు. దూరమును దగ్గర చేయు కటకము చేతి వణుకును కూడ పెద్దది చేయును గనుక ఈ నియమము. కొన్ని కెమేరాలలో వణుకును సవరించు యంత్రముండును. అట్టివానితో మరి రెండు మూడు మెట్లు ఎక్కువకాలము తీయవచ్చును. అయితే ఆ యంత్రము తీయువాని వణుకునే సవరించును, ఎదుటి మనుష్యుని నడకను ఆపదు. బోనము నెత్తిన బెట్టుకొని నడచు స్త్రీ ముఖము స్పష్టముగా రావలెనన్నచో నూరవవంతు సెకండుకు మించిన కాలము పనికిరాదు. అచట ద్వారమును పూర్తిగా తెరచి, ఐ.ఎస్.ఓ.ను పెంచుటయే మార్గము.

ముక్కాలి స్టాండు, అనగా ట్రైపాడు, ఉన్నచో పద్ధతి తలక్రిందులగును. అప్పుడు ఐ.ఎస్.ఓ.ను 100 వద్ద నుంచి, ద్వారమును ఎఫ్ 8 వద్ద నుంచి, కాలమును కావలసినంత పొడిగింపవచ్చును. వేలితో మీట నొక్కునపుడు కెమేరా కొంచెము కదలును. కావున రెండు సెకండ్లు ఆగి తనంతట తాను తీయు ఏర్పాటును వాడవలెను. వణుకును సవరించు యంత్రమును ట్రైపాడుపై ఆపివేయుట మేలు. ట్రైపాడు లేనివారు ప్రహరీగోడ మీద సంచి నుంచి, దానిపై కెమేరా నుంచినను చాలును.

కదలికయే చిత్రమునకు అందమగు సందర్భములును గలవు. 2017 నవంబరులో ప్రారంభమైన హైదరాబాదు మెట్రోలో అమీర్‌పేట రెండు మార్గములు కలియు స్టేషను. స్తంభములపై ఎత్తుగా పోవు రైలు గంటకు 36 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. అది సెకండుకు 10 మీటర్లు. 500వ వంతు సెకండులో అది 2 సెంటీమీటర్లు మాత్రమే కదలును గనుక నిలిచియున్నట్లు కనిపించును. ట్రైపాడుపై 5 సెకండ్లు తెరచి యుంచినచో 50 మీటర్లు కదలి, రైలు రూపు మాయమై, దాని దీపములు కాంతిరేఖలుగా మిగులును. క్రింద రోడ్డుపై కార్ల వెనుక దీపములును ఎర్రని తీగలవలె సాగును. వేగమును కాలముతో గుణించిన చాలును, రేఖ పొడవు ముందే తెలియును.

నాయిస్ అననేమి?

ఐ.ఎస్.ఓ. పెంచినకొలది చిత్రములో గరుకుదనము కనిపించును. దీనిని నాయిస్ అందురు. ఐ.ఎస్.ఓ. అంకమే దీనికి కారణమని పలువురి నమ్మకము. అసలు కారణము కాంతి కొరత. కాంతి ఫోటానులను చిన్నచిన్న పొట్లములుగా వచ్చును. వాన చినుకులు పెంకులపై సమముగా పడనట్లే, ఫోటానులును సెన్సారుపై అన్ని గడులలో సమముగా పడవు. ఒక గడిలో సగటున 100 ఫోటానులు పడవలసినచోట సుమారు 10 అటునిటు తేడా యుండును. అనగా నూటికి పది. 10,000 పడినచోట తేడా 100, అనగా నూటికి ఒకటి మాత్రమే. సంఖ్య యొక్క వర్గమూలమే ఈ తేడాకు కొలత. కావున నాయిస్ తగ్గుటకు ఉపాయము ఎక్కువ ఫోటానులను పోగుచేయుటయే. ఐ.ఎస్.ఓ. తగ్గించి చిత్రమును నల్లగా తీసి, పిదప కంప్యూటరులో వెలిగించినచో లాభము లేదు. కాంతి పెరుగలేదు గదా!

నేటి చేతిఫోనులలోని రాత్రి పద్ధతి ఈ సూత్రముపైననే ఆధారపడియున్నది. ఫోను అనేక చిత్రములను స్వల్పకాలములో వరుసగా తీసి, వాటిని ఒకదానిపై నొకటి సరిగా పొదిగి, కలుపును. 16 చిత్రములను కలిపినచో నాయిస్ నాల్గవవంతగును. 16 యొక్క వర్గమూలము 4 గనుక.

దీపముల చమత్కారములు

మన దేశమున విద్యుత్ప్రవాహము సెకండుకు 50 ఆవృత్తులు గలది. ఒక్కొక్క ఆవృత్తిలో ప్రవాహము రెండుమార్లు హెచ్చి రెండుమార్లు తగ్గును గనుక, అనేక దీపములు సెకండుకు 100 మార్లు మినుకుచుండును. కన్ను దీనిని గుర్తింపదు. 500వ వంతు సెకండులో తీసిన వరుస చిత్రములలో ఒకటి వెలుగుగను, మరొకటి మసకగను వచ్చుటకు, అంగడి బోర్డులపై నల్లని పట్టెలు కనిపించుటకు ఇదియే కారణము. 100వ వంతు లేక 50వ వంతు సెకండును ఎన్నుకొన్నచో మినుకులు పూర్తిగా లెక్కకు వచ్చి, ఈ దోషము చాలవరకు పోవును.

దీపపు రంగును గమనింపవలెను. నూనెదీపపు కాంతి ఎరుపుతో కూడిన పసుపు. రంగు ఉష్ణోగ్రతలో అది సుమారు 1900 కెల్వినులు. పాత తంతిదీపము సుమారు 2800. తెల్లని ఎల్.ఇ.డి. వీధిదీపములు 5000కు పైబడియుండవచ్చును. వీటన్నింటిని కెమేరా ఒకే తెలుపుగా మార్చ యత్నించినచో దీపారాధన వెచ్చదనము నశించును. తెలుపు సవరింపును సుమారు 3500 కెల్వినుల వద్ద స్థిరముగా నుంచి ప్రారంభించుట మంచిది. రా పద్ధతిలో భద్రపరచినచో తరువాత మార్చుకొనవచ్చును.

ద్వారమును ఎఫ్ 11, ఎఫ్ 16 వరకు మూసినచో దీపముల చుట్టు కిరణములు నక్షత్రాకారముగా కనిపించును. రంధ్రపు అంచుల వద్ద కాంతి వంగుటయే దీనికి హేతువు. ద్వారమునకు సరిసంఖ్యలో రేకులున్నచో అన్నియే కిరణములు, బేసిసంఖ్యలో నున్నచో రెట్టింపు కిరణములు ఏర్పడును. ఏడు రేకుల ద్వారము పదునాలుగు కిరణముల నిచ్చును. ఇదే వంపు వలన చిత్రపు వాడితనము కొంత తగ్గును గనుక ఎఫ్ 16 దాటుట మంచిది కాదు.

ఫ్లాష్ దీపము దూరపు వస్తువులకు పనికిరాదు. దూరము రెట్టింపైనచో దాని వెలుగు నాల్గవవంతగును. మూడు మీటర్ల దూరముననున్న వానికి సరిపోవు ఫ్లాష్, ముప్పది మీటర్ల దూరముననున్న గోపురమునకు నూరవవంతు వెలుగునే ఇచ్చును. ఆలయముల లోపల అనుమతి లేనిచోట ఫ్లాష్‌ను, కెమేరాను సయితము వాడరాదు.

చంద్రుడు, నక్షత్రములు

చంద్రుని చిత్రము తీయువారు రాత్రియని తలచి ఎక్కువసేపు షట్టరును తెరచి, తెల్లని పళ్లెమును మాత్రము పొందుదురు. చంద్రబింబము రాతి నేల. దానిపై పడుచున్నది సూర్యుని ఎండయే. కావున చంద్రునకు పగటి అంకెలనే వాడవలెను. పూర్ణబింబమునకు ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్ 11, నూరవవంతు సెకండు చాలును. వెన్నెలలోని నేల మాత్రము వేరు. దానిపై వెలుగు ఒక లక్సులో నాల్గవవంతే, అనగా ఎండలో నాలుగు లక్షలవవంతు. చంద్రుని, వెన్నెలలోని చెట్టును ఒకే చిత్రములో సరిగా తీయుట అసాధ్యమగుటకు ఈ అంతరమే కారణము.

నక్షత్రముల విషయమున భూభ్రమణము అడ్డువచ్చును. ఆకాశము గంటకు 15 డిగ్రీలు తిరుగును. నిలుకడగా నున్న కెమేరాలో నక్షత్రము చుక్కగా రావలెనన్నచో, 500ను నాభ్యంతరముచే భాగించి వచ్చిన సెకండ్లను మించరాదని ఒక సులభసూత్రము గలదు. 24 మిల్లీమీటర్ల కటకమునకు అది సుమారు 20 సెకండ్లు. ఇది 36 మిల్లీమీటర్ల వెడల్పు గల సెన్సారులకు చెప్పినది. చిన్న సెన్సారు కెమేరాలకు కాలమును ఇంకను తగ్గింపవలెను. దృష్టిని నిలుపుటకు యంత్రముపై ఆధారపడక, తెరపై ఒక ప్రకాశవంతమైన నక్షత్రమును పెద్దది చేసి చూచి, అది మిక్కిలి చిన్న చుక్కగా కనిపించు వరకు కటకమును చేతితో త్రిప్పవలెను.

బేగంపేట గాజుఫలకములు

ఈ లెక్కలన్నింటిని శాస్త్రీయముగా సాధించిన స్థలమొకటి బల్కంపేటకు చేరువనే యున్నది. నవాబు జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండ వద్ద స్థాపించిన నిజామియా వేధశాల, 1907లో ఆయన మరణానంతరము నిజాం ప్రభుత్వపు వశమై, పిదప బేగంపేటకు మారినది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున చేరినది. 1887లో ప్యారిస్ మహాసభ సంకల్పించిన ఆకాశ ఛాయాచిత్ర పట్టికలో ఈ వేధశాల పాలుపంచుకొన్నది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణమున 17 నుండి 23 డిగ్రీల వరకు గల ఆకాశపు పట్టీని 1914–1929 నడుమ, ఉత్తరమున 36 నుండి 39 డిగ్రీల పట్టీని 1928–1938 నడుమ ఇచట గాజుఫలకములపై చిత్రించిరి. ఆ విధముగా ఏడు లక్షలకు మించిన నక్షత్రములు నమోదైనవి.

ఆ పథకమున ఫలకముపై ఒక మిల్లీమీటరు ఆకాశములో ఒక కళకు, అనగా డిగ్రీలో అరువదవ భాగమునకు సమానము. దూరదర్శిని నిలుకడగా నున్నచో ఒక్క నిమిషములో నక్షత్రము ఫలకముపై దాదాపు 15 మిల్లీమీటర్లు జరిగిపోవును. కావున గడియారపు యంత్రముతో దూరదర్శినిని ఆకాశముతోపాటు త్రిప్పుచు, పరిశీలకుడు కంటితో కనిపెట్టి సవరించుచు నుండవలసి వచ్చెను. పైగా ఫలకములకు మరొక దోషము గలదు. కాలమును రెట్టించినను మందకాంతి ఫలితము పూర్తిగా రెట్టింపు కాదు. జర్మను ఖగోళజ్ఞుడు కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ ఈ లోపమును కొలిచి ఒక సూత్రముగా నిరూపించెను. నేటి సెన్సారులకు ఈ లోపము లేదు. అది ప్రారంభకునకు వరము. ఐ.ఎస్.ఓ. 6400 వద్ద 2 సెకండ్ల పరీక్షాచిత్రము సరిగా వచ్చినచో, ఐ.ఎస్.ఓ. 100 వద్ద దానికి 64 రెట్లు, అనగా 128 సెకండ్లు చాలునని నిశ్చయముగా చెప్పవచ్చును.

ఆ వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కుమారుడైన ఎం.కె. వైను బప్పు, 1949లో హార్వర్డులో విద్యార్థిగా నుండి, రాత్రి ఆకాశపు ఫలకముపై ఒక కొత్త తోకచుక్కను కనిపెట్టెను. అది బప్పు–బాక్–న్యూకర్క్ అను పేర ప్రసిద్ధమైనది.

ప్రారంభకునకు పట్టిక

బజారు వీధి, చేతితో: ఐ.ఎస్.ఓ. 1600, ఎఫ్ 2.8, 50వ వంతు సెకండు.
వీధిదీపముల గల్లీ, ట్రైపాడుపై: ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్ 8, 20 సెకండ్లు.
మెట్రో రైలు కాంతిరేఖలు, ట్రైపాడుపై: ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్ 11, 5 సెకండ్లు.
పూర్ణచంద్రబింబము: ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్ 11, 100వ వంతు సెకండు.
నక్షత్రములు, నగరములో, 24 మి.మీ. కటకముతో: ఐ.ఎస్.ఓ. 400, ఎఫ్ 2.8, 20 సెకండ్లు.
నక్షత్రములు, ఊరికి దూరమున: ఐ.ఎస్.ఓ. 3200, ఎఫ్ 2.8, 20 సెకండ్లు.

ఇవి మొదలుపెట్టుటకు మాత్రమే. తీసిన వెంటనే తెరపై చూచి, దీపములు పాలిపోయినచో ఒక మెట్టు దిగవలెను. నీడలు పూర్తిగా నల్లనైనచో ఒక మెట్టు ఎక్కవలెను. రెండును ఒకేసారి జరిగినచో దీపములను కాపాడుటయే యుక్తము. పాలిపోయినచోట వివరములు తిరిగిరావు. నీడలోని వివరములు కొంతవరకు తిరిగివచ్చును.

పట్టికలో చివరి రెండు వరుసల నడుమ నున్న మూడు మెట్ల భేదమును గమనింపుడు. నగరమున ఐ.ఎస్.ఓ.ను ఇంకను పెంచినచో నక్షత్రములు హెచ్చవు, దీపముల వెలుగుతో నిండిన ఆకాశమే తెల్లబడును. ఈ వెలుగునకు దూరముగా, 1960 దశకమున ఉస్మానియా ఖగోళజ్ఞులు 48 అంగుళముల దూరదర్శినిని జపాల్–రంగాపూర్ గ్రామముల వద్ద నెలకొల్పవలసి వచ్చెను. బేగంపేటపై ఒకనాడు గాజుఫలకమునకు చిక్కిన మసకచుక్కలు నేడు అచట కంటికిని, కెమేరాకును కనిపించుట లేదు.

అయినను ఆ రాత్రుల శ్రమ వ్యర్థము కాలేదు. ఐరోపా అంతరిక్షసంస్థ హిప్పార్కస్ ఉపగ్రహము 1989–1993 నడుమ కొలిచిన నక్షత్రస్థానములను, ఈ పాత పట్టికలోని స్థానములతో పోల్చి, 25 లక్షల నక్షత్రముల చలనమును నిర్ణయించిరి. ఆ ఫలితమే 2000 సంవత్సరమున వెలువడిన టైకో–2 పట్టిక. ఫలకమును ఏ దినమున, ఏ ఘడియలో, ఎంతసేపు తెరచిరో శ్రద్ధగా వ్రాసిపెట్టిరి గనుకనే ఇది సాధ్యమైనది. నేటి కెమేరా ఈ అంకెలను ప్రతి చిత్రముతోను తానే వ్రాసిపెట్టును. ప్రారంభకుడు చేయవలసినదల్లా గడియారమును సరిగా దిద్దుకొని, పాడైన చిత్రమును చెరిపివేయుటకు ముందు దాని అంకెలను ఒకసారి చదువుటయే.